బాపుకి ఫ్లూ టీకా ఏటా వేయించాలా? ఇంట్లో నాలుగు రోజులుగా ఇదే గొడవ

ఆర్మూర్_పసుపు
బాపుకి 71 ఏళ్లు. షుగర్ పదిహేనేళ్ల నుంచి ఉంది. మూడేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు. పోయిన ఏడాది మే నెలలో డాక్టర్ చెబితే ఫ్లూ టీకా వేయించాను. మొన్న చెకప్‌కి తీసుకెళ్తే మళ్లీ వేయించమన్నారు. బాపు అక్కడికక్కడే కుర్చీలోంచి లేచాడు. "చిన్నప్పుడు మశూచి టీకా ఒక్కసారే వేశారు, ఇదిగో మచ్చ ఇప్పటికీ ఉంది, మళ్లీ ఎవరూ అడగలేదు. ఇదేం టీకా, ఏడాదికే అయిపోతుందా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.
పైగా పోయిన ఆగస్టులో బాపుకి ఆరు రోజులు జ్వరం వచ్చింది. టీకా వేయించాక కూడా. అదే పట్టుకుని కూర్చున్నాడు. సూది ఒక్కటి 1,800. అమ్మకి, నాకు, మా ఆవిడకి, నాలుగేళ్ల పాపకి కూడా వేయించుకోమంటున్నారు. ఐదుగురికి 9,000. అప్పు చేసైనా వేయించేంత అవసరమా, లేక వదిలేయొచ్చా? వేయించుకున్నవాళ్లు, మానేసినవాళ్లు ఇద్దరూ చెప్పండి.

గోదారిగట్టు
వరుసగా రెండేళ్లు వేయించుకున్నాను. రెండో ఏడు కూడా జలుబు, దగ్గు, జ్వరం అన్నీ వచ్చాయి. మూడో ఏడు మానేశాను. ఏమీ రాలేదు. మీ బాపు అడిగిన ప్రశ్నే నాదీ.

మిర్చియార్డ్
నాకు 58. ముప్పై ఏళ్లుగా గుంటూరు యార్డులో మిరప ఘాటులో బతుకుతున్నాను. ఒక్క సూదీ వేయించుకోలేదు. గొంతు గరగరలాడితే మిరియాలు, శొంఠి, తులసి వేసి కషాయం. మూడో రోజుకి లేచి పనిలోకి పోతాను. ఒంట్లో బలం ఉంటే ఇవన్నీ ఎందుకు తమ్ముడూ?

వార్డ్_సిస్టర్
మిర్చియార్డ్ అన్నా, మీకు షుగర్ లేదు, స్టెంట్ లేదు. ఈ తమ్ముడు అడుగుతున్నది 71 ఏళ్ల ఆయన గురించి. రెండూ ఒక్కటి కాదు. నేను పంతొమ్మిదేళ్లుగా నర్సుని. రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్లాక వివరంగా రాస్తాను. అప్పటిదాకా ఒక్కటి అడుగుతాను. ఆగస్టులో బాపుకి వచ్చింది ఫ్లూ అని పరీక్ష చేసి చెప్పారా, లేక "వైరల్" అని చెప్పి పంపారా?

ఆర్మూర్_పసుపు
వైరల్ ఫీవర్ అన్నారు అక్కా. డెంగీ పరీక్ష చేస్తే లేదని వచ్చింది. ఫ్లూ పరీక్ష ఎవరూ చేయలేదు.

బయో_లెక్చరర్
అదే మొదటి చిక్కు. మనం జ్వరం, దగ్గు ఏది వచ్చినా ఫ్లూ అనేస్తాం. ఆగస్టు, సెప్టెంబరుల్లో మన దగ్గర డెంగీ, చికున్‌గున్యా, టైఫాయిడ్, మామూలు జలుబు తెచ్చే వైరస్‌లు అన్నీ ఒకేసారి తిరుగుతుంటాయి. ఈ టీకా ఇన్‌ఫ్లుయెంజా అనే ఒక్క వైరస్ కోసం. మిగతావాటిని అది ఆపదు. కాబట్టి గోదారిగట్టు గారికి వచ్చింది, బాపుకి వచ్చింది ఫ్లూ అవునో కాదో పరీక్ష లేకుండా చెప్పలేం.

ఏటా ఎందుకు అన్నదానికి మశూచితోనే పోల్చి చెబుతాను, బాపు మంచి ప్రశ్న అడిగారు. మశూచి వైరస్ పెద్దగా మారదు. ఇవాళ చూసిన ముఖాన్ని ఒళ్లు ముప్పై ఏళ్ల తర్వాత కూడా గుర్తుపడుతుంది. ఫ్లూ వైరస్ అలా కాదు, పైపొర మార్చుకుంటూనే ఉంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఏడాదికి రెండుసార్లు కూర్చుంటారు. ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళం కోసం, సెప్టెంబరులో దక్షిణార్ధగోళం కోసం. ఏ రకాలు తిరుగుతున్నాయో చూసి టీకాలో ఏవి పెట్టాలో చెబుతారు. దానికి తోడు ఈ టీకా ఇచ్చే రక్షణ కూడా నెలలు గడిచే కొద్దీ తగ్గుతుంది. బాపు అన్నట్టు టీకా బలం అయిపోవడం కొంత, వైరస్ మారిపోవడం కొంత.

మిర్చియార్డ్
అంటే వచ్చే ఏడు ఏది వస్తుందో ముందే ఊహించి సూది తయారు చేస్తారన్నమాట. ఊహ తప్పితే?

బయో_లెక్చరర్
తప్పిన ఏళ్లు ఉన్నాయి అన్నా. అమెరికాలో 2014-15 శీతాకాలంలో టీకాలో పెట్టిన రకం ఒకటి, జనంలో తిరిగింది ఇంకొకటి. ఆ ఏడు టీకా ఫలితం 20 శాతం కూడా లేదు. బాగా కుదిరిన ఏడు డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూ రాకుండా 40 నుంచి 60 శాతం దాకా ఆపుతుంది. నూటికి నూరు ఎప్పుడూ కాదు. ఈ సంగతి టీకా వేసేటప్పుడే చెప్పి ఉంటే జనానికి ఇంత కోపం వచ్చేది కాదు.

గోదారిగట్టు
సగానికి సగం అన్నమాట. 1,800 పెట్టి బొమ్మా బొరుసా?

సీతాఫలం
బొమ్మా బొరుసా అనకండి గోదారిగట్టు గారూ. ఇలాంటి చోట ఎప్పుడూ రాయను, ఈసారి రాయాలనిపించింది.

2015 జనవరి. మా అమ్మకి 63. కట్టెల పొయ్యి మీద నలభై ఏళ్లు వండిన మనిషి, ఊపిరితిత్తులు అప్పటికే బలహీనం. సంక్రాంతికి అందరం కలిశాం. ఎవరి దగ్గర నుంచి వచ్చిందో తెలియదు, పండగ అయిన మూడో రోజు దగ్గు, ఒళ్లు నొప్పులు, జ్వరం. ఊళ్లో ఆర్‌ఎంపీ యాంటీబయోటిక్ ఇచ్చాడు. మేమూ మామూలు జ్వరమే అనుకున్నాం. ఐదో రోజు మంచం మీద కూర్చుని ఊపిరి కోసం తన్నుకులాడుతుంటే హైదరాబాద్ తీసుకొచ్చాం. పరీక్షలో స్వైన్ ఫ్లూ అని వచ్చింది. పదకొండు రోజులు వెంటిలేటర్. అమ్మ తిరిగి రాలేదు.

అప్పటికి ఫ్లూకి టీకా ఒకటి ఉందని కూడా మాకు తెలియదు. అది వేసి ఉంటే అమ్మ తప్పక బతికేదని నేను అనను, ఎవరూ అనలేరు. కానీ సగం అవకాశం అని మీరు అంటున్నదానికి నేను ఆ రోజు ఇంట్లో బంగారమంతా ఇచ్చేదాన్ని. అప్పటి నుంచి ఏటా మేలో నాన్నకి, నాకు వేయిస్తున్నాను.

గోదారిగట్టు
అక్కా, క్షమించండి. అలా అనకుండా ఉండాల్సింది.

ఎర్రబస్సు
సీతాఫలం అక్కా, చదువుతుంటే గుండె బరువెక్కింది. 2015 నాకూ గుర్తుంది. కరీంనగర్ రూట్ మీద ఉండేవాణ్ణి. బస్సు నిండా మాస్కులే. ఇక్కడ తెలంగాణలో, అటు రాజస్థాన్, గుజరాత్‌లలో రోజూ మరణాల వార్తలు.
నాది వేరే బాధ. రోజుకి వందల మంది నా ముఖం మీదే దగ్గుతారు. టికెట్ ఇచ్చేటప్పుడు ఎంత వెనక్కి జరుగుతాను? నాకే ముందు వేయాలి కదా. కానీ ఇంట్లో ఐదుగురం, తొమ్మిది వేలు అంటే మా ఇంటికి నెలన్నర సరుకులు. పిల్లలకి సర్కారు టీకాలన్నీ ఉచితంగా వేశారు, ఇదొక్కటి ఎందుకు వేయరు?

వార్డ్_సిస్టర్
ఇప్పుడే ఇల్లు చేరాను. ఎర్రబస్సు అన్నా, ఫ్లూ టీకా మన జాతీయ టీకాల కార్యక్రమంలో లేదు. ప్రైవేటులో కొనుక్కోవాల్సిందే, కంపెనీని బట్టి 1,500 నుంచి 2,500 దాకా ఉంటోంది. ఇది అన్యాయమని నేనూ అంటాను. ముసలివాళ్లకి, గర్భిణులకైనా పీహెచ్‌సీలో ఉచితంగా వేయాలి. అంతవరకూ డబ్బు చాలని ఇంట్లో ఎవరికి ముందు అన్నది చూసుకోవాలి.

నా లెక్క ఇది. 65 దాటినవాళ్లు, షుగర్, గుండె, కిడ్నీ, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, ఆసుపత్రుల్లో పనిచేసే మాలాంటివాళ్లు. వీళ్లకి డబ్బు సర్దుకుని అయినా వేయించండి. ముప్పై, నలభై ఏళ్ల ఆరోగ్యవంతులు వేయించుకుంటే మంచిదే. డబ్బు లేక మానేస్తే మాత్రం తప్పు చేసినట్టు బాధపడొద్దు. ఆర్మూర్ తమ్ముడూ, మీ ఇంట్లో బాపు, పాప ముందు. తర్వాత అమ్మ. మీరిద్దరూ ఆఖర్న.

పాపకి ఇదే మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడతాయి, తొమ్మిదేళ్లలోపు పిల్లలకి అంతే. వచ్చే ఏడు నుంచి ఒక్కటే. ఆరు నెలలు నిండని పసిపిల్లలకి మాత్రం వేయరు.

ఇక టీకా వల్లే ఫ్లూ వస్తుందని వార్డులో రోజుకొకరు అంటారు. ఈ సూదిలో ఉండేది చచ్చిన వైరస్ ముక్కలు, దాంతో ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒళ్లు కాస్త వెచ్చబడడం, ఒకటి రెండు రోజులు నీరసం ఉంటాయి. చాలా అరుదుగా, పది లక్షల డోసులకి ఒకటి రెండు చొప్పున, నరాలకి సంబంధించిన గిలాన్-బారే అనే జబ్బు రావచ్చు. అది దాచిపెట్టే విషయం కాదు. కానీ ఫ్లూ వచ్చినా ఆ జబ్బు రావచ్చని కూడా తెలియాలి.

డాలస్_బావ
ఇక్కడ అక్టోబరు వచ్చిందంటే కూరగాయలు కొనడానికి వెళ్లిన షాపులోనే ఫార్మసీవాళ్లు వేసేస్తారు. ఇన్సూరెన్స్ ఉంటే చేతి నుంచి రూపాయి పడదు. ఎర్రబస్సు అన్న బాధ చదివాక అది ఎంత పెద్ద సౌకర్యమో తెలిసింది.
ఒక సందేహం. మా అత్తామామలు మే చివర్లో ఇక్కడికి వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. అక్కడే వేయించుకుని రమ్మనాలా, ఇక్కడ అక్టోబరులో వేయించాలా?

వార్డ్_సిస్టర్
మే చివర్లో వచ్చి నవంబరు దాకా ఉంటారంటే అక్కడ అక్టోబరులో వేయించండి, అక్కడి చలికాలం కోసం తయారైనది దొరుకుతుంది. 65 దాటితే వాళ్లకి డోసు ఎక్కువ ఉండే రకం అడగండి.

డాలస్_బావ
అవును, మామయ్యకి 68. ఆ హై డోస్ ఇక్కడ 65 దాటినవాళ్లకి ఇస్తారు, మామూలుదానికి నాలుగు రెట్లు మందు ఉంటుందట. పెద్ద వయసులో ఒంటికి గట్టిగా చెబితేగానీ వినదు కాబట్టి అంటున్నారు.

ఆర్మూర్_పసుపు
అక్కా, మరి మాకు మేలోనే ఎందుకు? చలికి వచ్చే జబ్బు కదా ఫ్లూ. సంక్రాంతికి ముందు వేయిస్తే కాదా?

బయో_లెక్చరర్
అది చల్లని దేశాల సంగతి. మన దగ్గర ఫ్లూ రెండు విడతలుగా వస్తుంది. ఒకటి వానల్లో, జూలై నుంచి సెప్టెంబరు దాకా. రెండోది జనవరి నుంచి మార్చి దాకా. 2015లో మనల్ని దెబ్బకొట్టింది రెండోదే, 2023 మార్చిలో హెచ్3ఎన్2 అనే ఫ్లూ రకం అని టీవీల్లో మోగిపోయిందీ అదే కాలం. అయినా మన ప్రాంతాల్లో ఎక్కువగా వానాకాలం విడత పెద్దది. మనం ఉన్నది ఉత్తరార్ధగోళంలోనే అయినా, కొత్త దక్షిణార్ధగోళం టీకా కూడా సుమారు ఏప్రిల్, మే నెలలకి ఇక్కడ దొరుకుతుంది. వేసిన రెండు వారాలకి గానీ ఒంట్లో పూర్తి రక్షణ తయారవదు. అందుకే వానలకి ముందే.

గోదారిగట్టు
మేలో వేస్తే జనవరికి ఎనిమిది నెలలు. అప్పటికి తగ్గిపోతుందని మీరే అన్నారుగా?

బయో_లెక్చరర్
తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఏడాదికి రెండు వేసుకోమని మామూలుగా ఎవరూ చెప్పరు. ఈ లోటు ఉన్నమాట వాస్తవం.

మిర్చియార్డ్
వాస్తవం ఒప్పుకున్నందుకు సంతోషం లెక్చరర్ గారూ. అందరూ నూటికి నూరు అని అమ్ముతారు, అదే నాకు నచ్చదు.

వరి_మడి
మిర్చియార్డ్ అన్నా, మీకు మీ పంట భాషలోనే ఒకటి అడుగుతాను. 2021లో మిరపకి నల్ల తామరపురుగు వచ్చింది గుర్తుందా? అంతకుముందు ఏడు కొట్టిన మందులు దాని మీద పనిచేశాయా? పురుగు మారితే మందు మార్చాలా వద్దా?

మిర్చియార్డ్
గుర్తు లేకపోవడమేమిటి తమ్ముడూ. ఆ ఏడు తోటలకి తోటలే పీకేశారు. పాత మందులు పనిచేయలేదు, కొత్తగా డబ్బు పోసి కొన్నవీ పనిచేయలేదు. కాబట్టి నీ ఉదాహరణ నావైపే మాట్లాడుతోంది. కానీ పురుగు మారుతుందన్న మాట మాత్రం బుర్రకెక్కింది. ఏటా ఎందుకో అర్థమైంది. వేయించుకోవాలా అన్నది ఇంకా ఎక్కలేదు.

శంషాబాద్_నైట్‌షిఫ్ట్
స్వైన్ ఫ్లూ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2009 మే. నేను అప్పుడు శంషాబాద్ విమానాశ్రయంలో సామాను విభాగంలో చేసేవాణ్ణి. మన దేశంలో మొదటి కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది, అమెరికా నుంచి దుబాయ్ మీదుగా వచ్చిన ఒక కుర్రాడికి. తెల్లారేసరికి మాకు మాస్కులు, ప్రయాణికులకి ఫారాలు, ఒంటి వేడి చూసే మెషిన్లు. ఇంటికెళ్తే మా ఆవిడ బట్టలన్నీ బయటే విప్పమంది. ఇప్పటికీ అడగాలనుకున్నది ఒకటి ఉంది. ఆ స్వైన్ ఫ్లూ ఏమైంది? దానికి వేరే టీకా ఉందా?

బయో_లెక్చరర్
ఎక్కడికీ పోలేదు. ఆ 2009 హెచ్1ఎన్1 ఇప్పుడు ఏటా తిరిగే మామూలు ఫ్లూ రకాల్లో ఒకటైపోయింది. వేరే టీకా అక్కర్లేదు, ఏటా వేసే టీకాలోనే ఉంటుంది. హెచ్3ఎన్2 ఒకటి, బి రకం ఒకటి దాంతోపాటు ఉంటాయి.

డాలస్_బావ
మాకు ముందు నాలుగు రకాలకి అనేవారు. 2024 చలికాలం నుంచి ఇక్కడ మూడే అన్నారు. ఒకటి తగ్గించి అదే రేటుకి ఇస్తున్నారని మా ఆఫీసులో ఒకటే చర్చ.

బయో_లెక్చరర్
బి యమగటా అనే రకం 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా కచ్చితంగా కనబడలేదు. కరోనా కాలంలో జనం ఇళ్లలో ఉండేసరికి దానికి ఒళ్లు దొరకలేదు. లేని శత్రువుకి మందు ఎందుకని తీసేశారు, మోసం కాదు.

ఆవకాయ_జాడీ
మా ఇంట్లో సమస్య డబ్బు కాదు. ఈ టీకాలని కోడిగుడ్లలో పెంచుతారని ఎవరో చెప్పారు. మా నాయనమ్మకి 79, ఉల్లిపాయ కూడా ముట్టదు. ఆస్తమా ఉంది. ఆమెకి చెప్పకుండా వేయించమని బాబాయి అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

వార్డ్_సిస్టర్
చెప్పకుండా వేయించొద్దమ్మా. ఆమె ఒళ్లు, ఆమె నియమం. ఎక్కువ రకాలు గుడ్లలోనే తయారవుతాయి, శుభ్రం చేశాక అతి సూక్ష్మంగా మాత్రమే మిగులుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఆమెనే అడగండి. గుడ్డు పడనివాళ్లు కూడా ఇప్పుడు వేయించుకోవచ్చని పెద్ద సంస్థలే చెబుతున్నాయి, అది వేరే సంగతి.

రవళి_హన్మకొండ
నాకు ఏడో నెల. డాక్టరమ్మ వేయించుకోమంది. అత్తమ్మ ససేమిరా వద్దంటోంది, కడుపులో బిడ్డకి ఏమైనా అయితే ఎవరిది పూచీ అంటోంది. మా ఆయన ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాడు. కరోనా టీకాల తర్వాత గుండెపోట్లు అని వాట్సాప్‌లో వచ్చేవి చూసి నాకూ టెన్షన్‌గా ఉంది.

వార్డ్_సిస్టర్
రవళీ, గర్భిణులకి ఏ నెలలోనైనా వేయవచ్చు, వేయాలని కూడా చెబుతారు. కడుపుతో ఉన్నప్పుడు ఫ్లూ వస్తే ఊపిరి తొందరగా ఇబ్బంది పడుతుంది. ఇంకో లాభం ఉంది, అత్తమ్మకి ఇదే చెప్పు. పుట్టిన బిడ్డకి ఆరు నెలల దాకా ఈ టీకా వేయలేం. నువ్వు వేయించుకుంటే నీ రక్తం నుంచి బిడ్డకి రక్షణ అందుతుంది. అంటే నీకు వేసేది మనవడికో మనవరాలికో వేసినట్టే.

బయో_లెక్చరర్
గుండె మాట కూడా ఇక్కడే చెబుతాను, ఆర్మూర్ బాపుకీ పనికొస్తుంది. ఫ్లూ టీకా కొత్తది కాదు, 1940ల నుంచి వాడుతున్నారు. కరోనా టీకాల మీద కూడా కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ పరిశీలించి, వాటివల్ల 18-45 ఏళ్లవాళ్లలో ఆకస్మిక మరణాలు పెరగలేదని 2023లో చెప్పింది. ఇక అసలు భయపడాల్సింది ఫ్లూకే. కెనడాలో చేసి 2018లో ప్రచురించిన పరిశీలనలో, ఫ్లూ అని పరీక్షలో తేలిన మొదటి వారంలో గుండెపోటు వచ్చే అవకాశం మిగతా రోజులకంటే ఆరు రెట్లు ఉంది.
2021లో ఇంకోటి వచ్చింది. గుండెపోటుతో చేరిన దాదాపు 2,500 మందిలో సగానికి ఫ్లూ టీకా, సగానికి ఉత్త ఉప్పునీటి సూది వేశారు. ఏడాది చూస్తే టీకా వేసినవాళ్లలో 2.9 శాతం మంది, వేయనివాళ్లలో 4.9 శాతం మంది చనిపోయారు. స్టెంట్ ఉన్న మనిషికి ఇంతకంటే ఏం చెప్పాలి?

ఆర్మూర్_పసుపు
ఈ సంగతి డాక్టర్ ఒక్క ముక్క చెప్పి ఉంటే బాపు కుర్చీలోంచి లేచేవాడు కాదు సార్. "ఏటా వేసుకోవాలి, బయట కౌంటర్లో డబ్బు కట్టండి" అన్నారు అంతే.

నాంపల్లి_చాయ్
మా అబ్బాజాన్ హజ్‌కి వెళ్లినప్పుడు హజ్ క్యాంపులో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకాతోపాటు పెద్ద వయసు వాళ్లకి ఫ్లూ టీకా కూడా వేశారు. పైసా తీసుకోలేదు. లక్షల మంది ఒకచోట చేరతారు కాబట్టి. అప్పటి నుంచి ఆయనే ఏటా అడిగి వేయించుకుంటాడు. ఎర్రబస్సు భాయ్, మీ బస్సు కూడా రోజూ ఓ చిన్న హజ్ క్యాంపే కదా, మీ యూనియన్ వాళ్లు అడగాలి.

ఎర్రబస్సు
మంచి మాట చెప్పావు భాయ్. డిపోలో ఈ నెల మీటింగ్ ఉంది. డ్రైవర్లకి, కండక్టర్లకి టోకున కొంటే రేటు తగ్గుతుందేమో అడుగుతాను.

సీతాఫలం
ఒక జాగ్రత్త చెప్పాలి, మాకు జరిగింది. రెండేళ్ల కిందట మా వైపు ఒక క్లినిక్‌లో జూన్‌లో నాన్నకి వేయించాను. ఇంటికొచ్చి రసీదు చూస్తే బ్యాచ్ పాత ఏడాదిది. గడువు ఇంకో నెల ఉంది కాబట్టి వేసేశామన్నారు. కొత్తది వచ్చి రెండు నెలలైంది అప్పటికే. 1,700 తీసుకుని మిగిలిపోయిన సరుకు వేశారు. మళ్లీ వేయించాలా వద్దా అని నేను పడ్డ యాతన అంతా ఇంతా కాదు.

వార్డ్_సిస్టర్
చాలా అవసరమైన మాట చెప్పారు. సూదిలోకి ఎక్కించకముందే డబ్బా అడిగి చూడండి. ఏ ఏడాదికి తయారైందో, ఏ అర్ధగోళానిదో దాని మీద ఉంటుంది. గడువు తేదీ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఫ్రిజ్‌లోంచే తీస్తున్నారా చూడండి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టినా పాడే, ఎండకి పెట్టినా పాడే. మెడికల్ షాపులో కొని స్కూటర్ డిక్కీలో పెట్టుకుని మే ఎండలో తెచ్చేవాళ్లని చూశాను. అడిగితే కోప్పడే క్లినిక్ అయితే అక్కడ వేయించుకోకండి.

గోదారిగట్టు
పెద్దవాళ్లకి న్యుమోనియా టీకా అని ఇంకోటి చెబుతున్నారు. అదీ ఇదీ ఒకటేనా?

వార్డ్_సిస్టర్
వేరు. అది న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియాకి. ఏటా అక్కర్లేదు, ఏ రకమో బట్టి ఒకటో రెండో డోసులు. పెద్దవాళ్లకి రెండూ మంచివే. ఖర్చు ఎక్కువ కాబట్టి డాక్టర్‌తో మాట్లాడి ఏది ముందో చూసుకోండి.
ఇంకో మాట. టీకా వేసుకున్నా వేసుకోకపోయినా, పెద్దవాళ్లకి జ్వరంతో దగ్గు, ఆయాసం మొదలైతే రెండు రోజుల్లోపే డాక్టర్‌కి చూపించండి. ఫ్లూకి ఒసెల్టామివిర్ అనే మందు ఉంది, 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైనా ఆసుపత్రిలో చేరినవాళ్లకి ఇస్తారు. కనబడ్డ ప్రతి జ్వరానికీ అజిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ మింగొద్దు, వైరస్ మీద అది పనిచేయదు. 2023 మార్చిలో డాక్టర్ల సంఘం ఐఎంఏ కూడా ఇదే చెప్పింది.

సీతాఫలం
ఐదో రోజు కాదు, రెండో రోజు. ఇంతకంటే నేను చెప్పలేను.

మిర్చియార్డ్
నిన్న రాత్రి ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. ఆమెకి ఆరేళ్లుగా షుగర్. "నీకు బలం ఉంది కషాయం తాగు, నాకు సూది వేయించు" అంది. ఆమెకి వేయిస్తున్నాను. నాకు ఇంకా వద్దు. సీతాఫలం చెల్లీ, మీ అమ్మగారి మాట ఆమె చేత కన్నీళ్లు పెట్టించింది.

ఆవకాయ_జాడీ
నాయనమ్మని కూర్చోబెట్టి గుడ్డు సంగతి దాచకుండా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మందుకి మడేమిటే, వేసుకొచ్చాక తలస్నానం చేస్తాలే" అంది. శుక్రవారం వద్దంది, శనివారం వెళ్తున్నాం. బాబాయి మొహం చూడాలి.

రవళి_హన్మకొండ
వేయించుకున్నాను అక్కా. మనవరాలికి వేసినట్టే అన్న మాట అత్తమ్మ మీద పనిచేసింది, ఆమే తోడు వచ్చింది. చెయ్యి ఒకరోజు నొప్పి పెట్టింది, అంతే.

ఆర్మూర్_పసుపు
ఆలస్యంగా రాస్తున్నాను, పసుపు విత్తనం పనిలో ఊళ్లో ఉన్నాను. బాపుకి గుండె సంగతి, ఆరు రెట్ల సంగతి చెప్పాను. విన్నాడు గానీ ఒప్పుకోలేదు. తెల్లారి కొట్టంలో విత్తనశుద్ధి చేస్తున్నాం. కొమ్ములు మందునీళ్లలో ముంచుతూ నేను అడిగాను, "బాపు, పోయినేడు కూడా ముంచాం కదా, మళ్లీ ఎందుకు?" అని. "పోయినేడు ముంచింది పోయినేటి కొమ్ముకిరా" అన్నాడు. అని ఆగాడు. నా మొహం చూసి నవ్వాడు. "సరే, నడువు" అన్నాడు.
సోమవారం వేయించాను. డబ్బా అడిగి చూశాను, ఈ ఏడాదిదే. పాపకి మొదటి డోసు అయింది. అమ్మకి వచ్చే నెల జీతం రాగానే. నాకు, మా ఆవిడకి ఈ ఏడు వదిలేస్తున్నాం, సిస్టర్ అక్క చెప్పిన లెక్క ప్రకారమే. బాపుకి చెయ్యి నొప్పి తప్ప ఏమీ లేదు, కానీ రెండు రోజులు పొలం పని మానేయడానికి అది బాగా పనికొచ్చింది.

వరి_మడి
బాపుకి దండం. అన్నా, మాది బాల్కొండ. ఆర్మూర్‌లో దొరికిందా, నిజామాబాద్ దాకా వెళ్లారా?

ఆర్మూర్_పసుపు
ఆర్మూర్‌లోనే, పిల్లల డాక్టర్ దగ్గర. ఎప్పుడూ ఉండవు, రెండు రోజుల ముందు ఫోన్ చేసి చెబితే తెప్పించి పెడతారు. ఎంతమందికో ముందే చెప్పండి, పొద్దున పూట వెళ్లండి.